చెక్‌లిస్టు సంచిలో పెట్టు, వెనక బెంచీలో కూర్చో

అరే దోస్త్,

నిన్న ఫోన్లో నువ్వు అంత గాబరా పడుతుంటే నాకు నవ్వొచ్చింది, కోప్పడకు. ఇన్‌చార్జి మండల విద్యాధికారివి (ఎంఈఓ) అయినందుకు స్వీట్లు పెట్టడం పోయి, మండలంలో సార్లకూ మేడంలకూ ఏ, బీ, సీ గ్రేడ్లు వేసి పంపమంటున్నారు ఎట్లా రా అని పట్టుకున్నావు. బస్సు చప్పుడులో నేను చెప్పింది నీకు సగం కూడా వినపడి ఉండదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

మన ఉద్యోగంలో ఇంక్రిమెంటు ఏటా దానంతటదే వస్తుంది, జీతం స్కేళ్లు 6, 12, 18, 24 ఏళ్ల సర్వీసుకు మారతాయి, ప్రమోషనంటే సీనియారిటీ. నువ్వు ఏ వేస్తే ఎవరికీ రూపాయి పెరగదు, సీ వేస్తే తగ్గదు. కానీ సీ పడ్డదని తెలిశాక ఆ సారు నీతో అవసరానికి మించి మాట్లాడడు, ఇక క్లాసులో ఏం ఇబ్బంది ఉందో నీకెవరు చెప్తారు? గ్రేడు అడిగారు కాబట్టి పంపు, తప్పదు. కానీ నీ అసలు పని అది కాదు.

2025 ఆగస్టు 1 నుంచి ముఖం చూపించి హాజరు వేస్తున్నాం కదా, మంచిదే. సారు ఎన్నింటికి వచ్చాడో అది చెప్తుంది. వచ్చి ఏం చెప్పాడో నువ్వే చూడాలి. చూడటమంటే జీపు దిగి రిజిస్టర్లు తిరగేసి, ఒక పిల్లను లేపి పదమూడో ఎక్కం అడిగి, రాకపోతే పిల్లల ముందే సారును నాలుగు మాటలని వెళ్లిపోవడం కాదు. మనం చేరిన కొత్తలో ఇవన్నీ పడ్డవాళ్లమే కదా.

నేనేం చేస్తానంటే, పీరియడ్ మొదలవకముందే పోయి వెనక పిల్లల మధ్య కూర్చుంటా. చెక్‌లిస్టు సంచిలోంచి తీయను. తెల్ల కాగితం మీద బెంచీలు గీసుకొని ఎవరు నోరు తెరిచారో వాళ్ల దగ్గర టిక్కు పెడతా. మా దేవరకొండ వైపు ఒక తండా బడిలో 2024 డీఎస్సీలో వచ్చిన మేడం ఉంది. గొంతు బాగుంది, చార్టులు బాగున్నాయి, చదవడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు పుస్తకాలు వరసగా సర్ది ఉన్నాయి, పిల్లలందరూ కలిసి పాఠం గట్టిగా చదువుతుంటే వినడానికి ముచ్చటేస్తుంది. కాగితం చూస్తే టిక్కులన్నీ ముందు రెండు వరసల్లోనే! వెనకున్నవాళ్లు పెదాలు ఆడిస్తున్నారంతే. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలు, అమ్మానాన్న పనికి పట్నం పోతే అమ్మమ్మ దగ్గర ఉండేవాళ్లు. క్లాసయ్యాక ఆ కాగితం మేడం చేతికిచ్చా, ఏమీ అనలేదు. ఆమే చూసుకొని, "సార్, వెనకవాళ్లను నేను అడగనే లేదు" అంది. రోజూ ఐదుగురిని విడివిడిగా చదివించు, వెనక నుంచి మొదలుపెట్టు అని ఒక్కటే చెప్పా. మళ్లీ పోయినప్పుడు కూడా అదొక్కటే చూశా. పది సలహాలిస్తే ఒక్కటీ జరగదు రా, ఇది మాత్రం రాసిపెట్టుకో.

ఇంకో సారున్నారు, రిటైర్మెంటు దగ్గరపడింది. పైనుంచి వచ్చిన లిస్టులో ఆయన పేరు వెనకబడ్డవాళ్లలో ఉంది. ఎందుకంటే ఫోన్ యాప్‌లో ఆయన ఎంట్రీలు లేవు. పోయి చూస్తే భిన్నాలు రొట్టె తుంచి చెప్తున్నారు, ఐదో తరగతి పిల్లలు టకటకా జవాబులిస్తున్నారు! పక్క బడి కుర్రసారు వారానికోసారి వచ్చి ఎంట్రీలు చేసేటట్టు, ఈయన చుట్టుపక్కల బడుల సార్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులో లెక్కల డెమో చెప్పేటట్టు మాట్లాడి పెట్టా.

నీ గద్వాల సంగతి వేరు. సీడ్ పత్తి క్రాసింగ్, అదే పూలకు చేత్తో పుప్పొడి అంటించే పని, మొదలైందంటే పిల్లలు దానికి పోయి బడి ఖాళీ అవుతుంది, ఆ నెలల ఎఫ్ఏ (మధ్యమధ్య పెట్టే చిన్న పరీక్షల) మార్కులు తీసుకొని సారును తూచితే అన్యాయం. పిల్లలు జూన్‌లో ఎక్కడున్నారో ఆ బేస్‌లైన్ కాగితం పక్కన పెట్టుకొని చూడు. ఒకే సారు ఐదు తరగతులు నడుపుతూ, మధ్యాహ్న భోజనం లెక్కా ఆయనే రాసే బడిని, సబ్జెక్టుకో టీచరు (స్కూల్ అసిస్టెంట్) ఉన్న హైస్కూలుతో ఒకే లిస్టులో కలపకు. పైవాళ్లకు అదే మాట రాతలో పంపు. చదువేతర పనులకు సార్లను జనగణన, ఎన్నికలు, విపత్తులకు తప్ప వాడొద్దని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెప్తుంది, ఆ మాట కూడా కలుపు.

ఎగ్గొట్టేవాళ్లు లేరా అంటావు. ఉన్నారు, ఎందుకు లేరు! వాళ్ల దగ్గర మొహమాటం పనికిరాదు. ఫోన్లో అరవకు, నాలుగు రోజులు పోతే నువ్వేమన్నావో నీకే గుర్తుండదు. ఏ తేదీన ఏం చూశావో, ఏ తేదీలోపు ఏం మారాలో మెమో రాసి సంతకం తీసుకో, చెప్పిన రోజున తప్పకుండా పో. యూనియన్‌వాళ్లు వస్తే ఆ కాగితమే చూపించు.

వచ్చే నెల మా కాంప్లెక్స్ మీటింగుకు రా, పెద్దసారు భిన్నాల డెమో ఆ రోజే. మీ మండలం కొత్తవాళ్లను ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకొని రా. టీఏ ఎవరూ ఇవ్వరు, మటన్ మాత్రం నా ఖర్చు. ఎంతమంది వస్తున్నారో ముందే చెప్పు.

నీ దోస్త్