రాహుకాలం పక్కన పోటు వేళ కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

చలికాలం రాగానే పత్రికల్లో పులికాట్ ఫ్లెమింగోల ఫొటోలు పడతాయి. చూసి చెన్నైలోని మనవాళ్లు పిల్లలతో పులికాట్‌కో, కేలంబాక్కం బ్యాక్‌వాటర్స్‌కో బయల్దేరుతారు. సంతోషమే. కానీ చాలామంది పాటు వేళకి, అంటే నీళ్లు వెనక్కి తీసే వేళకి చేరతారు. పిట్టలు దూరంగా చుక్కల్లా కనిపిస్తాయి. సరిగ్గా చూద్దామని బురదలోకి దిగుతారు, గుంపంతా లేచిపోతుంది.

పాటులో ఉల్లంకులు (బురదలో ముక్కుతో పొడిచి మేసే పిట్టలు) బురదంతా పరుచుకుని మేస్తాయి. పోటెక్కేకొద్దీ మేత నేల మునిగిపోయి, మిగిలిన దిబ్బల మీదికి, ఉప్పుమడుల గట్ల మీదికి చేరతాయి. పోటుకి గంటన్నర ముందే వెళ్లి, గట్టుకి వంద మీటర్ల అవతల కదలకుండా కూర్చుంటే అవే ఎదురుగా వచ్చి వాలతాయి. పోటు వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణములకి నీళ్లు ఎక్కువ ఎక్కుతాయి, అష్టమికి తక్కువ. సముద్రంలో పోటు వచ్చిన కాసేపటికి గానీ కేలంబాక్కం నీళ్లు సముద్రంలో కలిసే ముట్టుకాడు లోపలికి అందదు. ముఖద్వారం ఇసుక మేటతో పూడితే ఈ లెక్క పనిచేయదు, అప్పుడు నీటి లోతే చూసుకోవాలి. ఉల్లంకుల్లో చిన్నదైన లిటిల్ స్టింట్‌వి బాగా పొట్టి కాళ్లు. అడుగున పలచగా నీళ్లుంటేనే దానికి మేత. అందుకే తుపాను వానల డిసెంబరు కన్నా, నీళ్లు తగ్గిన జనవరి చివర, ఫిబ్రవరి నయం.

పాతిక గ్రాముల ఆ పిట్ట ఉత్తరాన టండ్రా నుంచి వస్తుంది. వేసవికి తిరిగి వెళ్లాలంటే ఇక్కడే కొవ్వు పట్టాలి. లేపిన ప్రతిసారీ ఆ కూడబెట్టిందే ఖర్చవుతుంది. మేస్తున్నది పొడవడం ఆపి తల ఎత్తిందంటే మనం ఆగిపోవాలి. ఇంకో నాలుగడుగులు వేస్తే ఎగిరిపోతుంది.

ఎవరూ కదలకుండానే గుంపు ఒక్కసారిగా ముద్దలా లేస్తే తల పైకెత్తండి, భైరి డేగ ఉండొచ్చు. రెక్కలు వి ఆకారంలో ఎత్తి, గడ్డి మీద తక్కువ ఎత్తులో తేలుతూ పోయేది మార్ష్ హారియర్; దాని కింద పిట్టలు వరుసగా లేచి, వెనక మళ్లీ వాలతాయి. చేపలు పట్టే కొరమీను గద్ద వస్తే మాత్రం సాధారణంగా అంత బెదురు ఉండదు. డ్రోన్‌ని అవి డేగలాగే చూస్తాయి.

8x42 బైనాక్యులర్స్ చాలు. తొమ్మిది దాటాక ఎండ ఆవిర్లకి టెలిస్కోప్‌లో 30 రెట్లు దాటితే ఏదీ నిలకడగా కనిపించదు. సూళ్లూరుపేట–శ్రీహరికోట దారిలో కారు దిగకుండా ఉత్తరం వైపు చూడండి. చలికాలపు సూర్యుడు దక్షిణాన ఉంటాడు కనుక అటు పిట్టల రంగులు తేటగా తెలుస్తాయి.

సర్వే ఆఫ్ ఇండియా ఏటా ముందుగానే వేసే ఆటుపోట్ల పట్టికలో చెన్నై కూడా ఉంది. తిథి, రాహుకాలం రోజూ వేస్తున్న మీరు నవంబరు నుంచి మార్చి దాకా శని, ఆదివారాల పోటు వేళలు రెండు లైన్లలో వేయండి. డ్రోన్‌తో తీసిన పక్షుల ఫొటోలు దయచేసి అచ్చు వేయకండి.

– కొందరు పక్షి పరిశీలకులు, చెన్నై