కార్యదర్శి వార్షిక నివేదిక: మన మానిటరింగ్ సర్వర్, దాని డిస్క్, ఈ ఏడాది పని

సభ్య మిత్రులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలన్నది మన నియమావళి. తిరుపతిలో కేబుల్, ఇంటర్నెట్ నడుపుకునే మనం సంఘం ఎందుకు పెట్టుకున్నామో మళ్లీ చెప్పక్కర్లేదు. చలివేంద్రం, స్తంభాలెక్కే కుర్రాళ్లకు సేఫ్టీ బెల్టులు, పిల్లలకు నోటు పుస్తకాలు ఎప్పటిలాగే జరిగాయి. మజ్జిగ పోసిన కొర్లగుంట సభ్యులకు, బెల్టుల ఖర్చు పంచుకున్న రేణిగుంట రోడ్డు అన్నలకు కృతజ్ఞతలు. మిగతాదంతా మానిటరింగ్ సర్వర్ గురించే, అంటే మనందరి లైన్లు, పరికరాలు ఎలా ఉన్నాయో ఎప్పటికప్పుడు అడిగి రాసిపెట్టుకునే కంప్యూటర్ గురించే రాస్తున్నాను. ఈ ఏడాది మన డబ్బు, నిద్ర ఎక్కువగా తీసుకున్నది అదే.

మే నెలలో, గంగమ్మ జాతర వారంలో, రాత్రి ఒంటిగంట దాటాక ఫోన్. "అన్నా, గ్రాఫ్‌లన్నీ ఆగిపోయినాయి." వెళ్లి చూస్తే 500 జీబీ డిస్క్ నూటికి నూరు శాతం నిండిపోయింది. పాత డేటా కొంత డిలీట్ కొట్టాం. అది గంటసేపు తిరిగింది గానీ ఖాళీ మాత్రం కొంచెం కూడా పెరగలేదు. డేటాబేస్‌లో వరుసలు చెరిపినా, ఆ జాగాను అది తన దగ్గరే ఉంచుకుంటుందని, ఫైలు తనంతట తాను చిన్నది కాదని ఆ రాత్రి తెలిసింది. జాతర రద్దీలో ఎవరి లైను పోయిందో సర్వర్ చెప్పలేదు, కస్టమర్లే ఫోన్ చేసి "ఇంట్లో బాక్స్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది" అని, అంటే లైను పోయిందని చెప్పారు.

ఎందుకు నిండిందో లెక్క వేశాం. ఈ లెక్క ప్రతి సభ్యుడూ ఒకసారి చదవాలి. అందరి ఓఎల్‌టీలు (ఫైబర్ లైన్లు బయలుదేరే మన ఆఫీసు వైపు పరికరాలు), స్విచ్‌లు, యూపీఎస్‌లు కలిపి దాదాపు 10,000 ఐటమ్‌లను, అంటే కొలిచి చూడాల్సిన అంశాలను, సర్వర్‌లోని మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ జాబిక్స్‌లో పెట్టాం. ప్రతిదాన్నీ నిమిషానికోసారి అడగమన్నాం. అంటే రోజుకు 1 కోటి 44 లక్షల విలువలు. ఒక్కో విలువకు సుమారు 90 బైట్లు వేసుకుంటే రోజుకు 1.3 జీబీ, ఏడాదికి 470 జీబీ పైనే. వాటిని దాచి ఉంచడానికి మనం పెట్టిన గడువేమో ఏడాది. ఇది మెషిన్ తప్పు కాదు. కొనేముందు పది నిమిషాలు కూర్చుని గుణించుకోని మన కార్యవర్గానిది, అందులో మొదట నాది.

అన్నీ తుడిచేసి మొదటి నుంచి పెడదామని ఆ రాత్రే చాలామంది అన్నారు. తిరుచానూరు నుంచి వచ్చిన మన చిన్న సభ్యుడొకరు అడ్డం పడ్డాడు. "హిస్టరీ పోతే పోనీ అన్నా, ట్రెండ్స్ మాత్రం ముట్టుకోవద్దు" అన్నాడు. హిస్టరీ అంటే వచ్చిన ప్రతి విలువ. ట్రెండ్ అంటే గంటకు ఒకే వరుస: ఆ గంటలో కనిష్ఠం, సగటు, గరిష్ఠం. ఆ 10,000 ఐటమ్‌లకే ట్రెండ్స్ ఏడాదికి 8 జీబీ దాటవు. ఆ కుర్రాడి మాట విని హిస్టరీ టేబుళ్లు మాత్రమే ఖాళీ చేశాం.

తర్వాత రెండు నెలలు పద్ధతిగా ప్లాన్ చేశాం. యూపీఎస్, లింకు ఉందా లేదా అన్నవే నిమిషానికోసారి. ఆప్టికల్ పవర్ (ఫైబర్‌లో వచ్చే వెలుగు బలం), ట్రాఫిక్ ఐదు నిమిషాలకు. మోడల్ పేరు, సీరియల్ నంబర్ లాంటివి రోజుకు ఒక్కసారి. పోర్టు స్టేటస్ మారకపోతే దాచుకోవద్దని సెట్ చేశాం. హిస్టరీ 30 రోజులు, ట్రెండ్స్ రెండేళ్లు. టేబుళ్లను రోజువారీ భాగాలుగా విడగొట్టాం కాబట్టి పాత రోజును తీసేస్తే డిస్క్‌లో జాగా వెంటనే తిరిగి వస్తుంది. సిస్టమ్ లాగ్‌లకు (పరికరాల్లో ఏం జరిగిందో రాసుకునే చిట్టాలకు) వేరే డిస్క్ పెట్టి, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజులు ఉంచుతున్నాం. 1 టీబీ ఎస్ఎస్‌డీ డిస్క్‌లు రెండు కొని మిర్రర్ చేశాం, అంటే ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ పడుతుంది. మిర్రర్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకని అడిగిన వారికి: ఒకదాంట్లో చెరిగింది అదే క్షణంలో రెండోదాంట్లోనూ చెరిగిపోతుంది. అందుకే రోజూ రాత్రి బ్యాకప్ వేరే చోటికి వెళ్తుంది.

అప్‌లింక్ (మనకు బయటి నుంచి ఇంటర్నెట్ వచ్చే లైను) ట్రాఫిక్ తక్కువ చూపిస్తోందన్న ఫిర్యాదు కూడా తీరింది. ఎన్ని బైట్లు వెళ్లాయో లెక్కపెట్టే 32 బిట్ల కౌంటర్ 1 జీబీపీఎస్ లింకు నిండుగా నడిస్తే 34 సెకన్లకే ఒక చుట్టు తిరిగి సున్నాకు వస్తుంది. నిమిషానికి అడిగినా లెక్క తప్పుతుంది. 64 బిట్లకు మార్చాం.

ఇక అందరం గర్వంగా చెప్పుకోవలసింది. కార్తీక బ్రహ్మోత్సవాల్లో పంచమీ తీర్థం రోజు తిరుచానూరులో అడుగు పెట్టే సందు లేదు. తెల్లవారుజామున ఒక లైను మీద పవర్ మైనస్ 21 నుంచి మైనస్ 25 డీబీఎంకు (వెలుగు బలాన్ని కొలిచే లెక్క) జారుతూ వస్తోంది. మైనస్ 27 దగ్గరికి వస్తే మన ఓఎన్‌యూలు (కస్టమర్ ఇంట్లోని ఫైబర్ బాక్స్‌లు) నిలబడవు. వైరు తెగలేదు, మరి ఎక్కడ వెతకాలి? నిరుటి కార్తీకం ట్రెండ్ తీస్తే వానల రోజుల్లో అదే లైను, అదే జారుడు. అప్పుడు ఫలానా మలుపులో ఫైబర్లు అతికిన జాయింట్ బాక్స్ మార్చాలని అనుకుని మరిచిపోయాం. కుర్రాళ్లు నేరుగా అక్కడికే వెళ్లి మూత తీశారు. లోపల చేతి గోరంత ఎత్తున నీళ్లు, స్ప్లైస్ ట్రే (ఫైబర్ అతుకులు పెట్టే పళ్లెం) మీద బురద పొర. తుడిచి, కొత్తగా స్ప్లైస్ చేసి, తీర్థం వేళకు ముందే మూశారు. ఆ వీధిలో ఒక్క కస్టమర్‌కూ ఎర్ర లైటు వెలగలేదు. మే నెలలో అన్నీ తుడిచేసి ఉంటే ఆ ఉదయం మన దగ్గర చూసుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఆ చిన్న సభ్యుడికి, జనంలో నిచ్చెన మోసిన ఇద్దరికి, వాళ్లకు ఇడ్లీలు తెచ్చిపెట్టిన హోటలు అన్నకు సంఘం తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో ఆఫీసు గోడకు అంటించాం. బిల్లులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, చూసుకోవచ్చు.

ఒక బాధ కూడా చెప్పాలి. నిరుటి సమావేశంలో సర్వర్ కమిటీకి పదకొండు మంది చేతులెత్తారు. ఆదివారం శిక్షణకు వచ్చింది ముగ్గురు. ఆ ముగ్గురే ఏడాదంతా రాత్రుళ్లు మోశారు. పేరు ఇచ్చి రానివారు కనీసం రాలేనని చెబితే వేరేవాళ్లను చూసుకుంటాం. రోడ్డు తవ్వే ముందు ఒక్క ఫోన్ చేయమని సంబంధిత శాఖకు మూడు ఉత్తరాలు ఇచ్చాం. జవాబు రాలేదు, జేసీబీ మాత్రం వచ్చింది. నాలుగో ఉత్తరం సిద్ధంగా ఉంది, సమావేశంలో అందరూ సంతకాలు చేయాలి.

కొత్త ఓఎల్‌టీ పెట్టేవారు ముందుగా ఎన్ని పోర్టులు, ఎన్ని ఓఎన్‌యూలు, ఏవి ఎంత వ్యవధికి చూడాలో ఫారంలో రాసి ఇవ్వాలి. ఆ లెక్క డిస్క్‌కు సరిపోతుందని చూశాకే సర్వర్‌లో చేరుస్తాం. ఫారాలు ఆఫీసు బీరువా పై అరలో ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి
తిరుపతి