పదో తరగతిలోనే కాగితాలు సరిచేయించండి: నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఉదయగిరి, వింజమూరు వంటి మెట్ట మండలాల పిల్లలకు చదువు సాయంగా ఇచ్చే స్కాలర్‌షిప్‌లు అందకపోవడానికి మార్కుల కంటే కాగితాల్లోని తప్పులే ఎక్కువగా కారణమవుతున్నాయి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పదో తరగతి మెమోలో పొడి అక్షరమే ఉంటుంది. ఆ తేడాతో దరఖాస్తు ఆగిపోతుంది. అందుకే నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) పంపకముందే, ప్రతి హైస్కూల్లో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిచూడమని ఆదేశించండి. మెమో వచ్చాక దిద్దించుకోవడం కష్టం.

బ్యాంకు ఖాతా సంగతి మరీ ముఖ్యం. ఖాతాకు ఆధార్ ఇచ్చామని తల్లిదండ్రులు నిశ్చింతగా ఉంటారు, కానీ ఎన్‌పీసీఐ మ్యాపింగ్, అంటే ఆధార్‌తో వచ్చే డబ్బు ఏ బ్యాంకుకు పోవాలో నమోదు చేయించడం, వేరే పని. ఆధార్‌తో వచ్చే డబ్బు చివరిగా మ్యాప్ అయిన బ్యాంకుకే పోతుంది. పాత ఖాతా మూతపడి ఉంటే వెనక్కి వెళ్తుంది. గ్రామ సచివాలయ సిబ్బంది దీన్ని ముందే చూసిపెట్టాలి.

ఇంటర్‌లో తమ బోర్డులో 80 పర్సంటైల్ దాటి (అంటే మార్కుల్లో పై 20 శాతం మందిలో ఉండి), కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉన్నవారిలో ఎంపికైనవారికి కేంద్ర స్కాలర్‌షిప్ డిగ్రీలో ఏటా 12,000 రూపాయలు ఇస్తుంది. ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) గుర్తింపు ఉన్న కాలేజీల్లో ఇంజనీరింగ్, డిప్లొమా మొదటి ఏడాదిలో చేరే అమ్మాయిల్లో ఎంపికైనవారికి ప్రగతి అనే స్కాలర్‌షిప్ కింద ఏటా 50,000. ఆదాయ పరిమితి 8 లక్షలు. ఈ సంగతి చాలా ఇళ్లకు తెలియదు, అదే మా బాధ.

దరఖాస్తు చేసినంత మాత్రాన పని అయిపోదు. కాలేజీలో స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసే నోడల్ అధికారి గడువులోగా ఆన్‌లైన్‌లో ధ్రువీకరించకపోతే అక్కడే ఆగుతుంది, పిల్లవాడికి కారణం కూడా తెలియదు. పెండింగ్ జాబితాను కాలేజీల వారీగా వారం వారం తెప్పించుకుని చూడండి.