పోయినవాళ్ల గొంతుకు దిక్కెవరు?

సంపాదకుడికి,

దివంగత గాయకులు ఏఐతో మళ్లీ పాడుతున్నారంటూ పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో వచ్చిన కథనం చదివినప్పటి నుంచీ మనసు కుదుటపడటం లేదు. అద్భుతం అని అంతగా పొగిడిన విలేకరి, ఆ గొంతులు వాడుకోవడానికి ఎవరి అనుమతి తీసుకున్నారో ఒక్క ముక్క రాయలేదు.

బాలు గారి విషయం అందరికీ తెలిసిందే. ఆయన 2020 సెప్టెంబరు 25న కన్నుమూశారు. 2023లో వచ్చిన ఒక తెలుగు సినిమాలో ఆయన గొంతును ఏఐతో పుట్టించి వాడారు. తమను అడగలేదంటూ ఆయన కుమారుడు చరణ్ లీగల్ నోటీసు పంపాల్సి వచ్చింది. ఆ బాలు గారే 2017లో, తాను స్వరపరిచిన పాటలు అనుమతి లేకుండా పాడవద్దని ఇళయరాజా నోటీసు ఇస్తే, తన నోట వచ్చిన ఆ పాటల్నే వేదికల మీద పాడనని ప్రకటించారు. సొంత నోటితో పాడుకోవడానికే అనుమతి కావలసి వచ్చిన మనిషి గొంతును, ఆయన పోయాక ఎవరంటే వాళ్లు వాడుకోవచ్చా? అడగాలన్న మనసుంటే దారి ఉంది. 2024లో ఇద్దరు దివంగత గాయకుల గొంతుల్ని ఒక తమిళ పాటలో వాడిన రెహమాన్, కుటుంబాల అనుమతి తీసుకున్నామని, తగిన పారితోషికం ఇచ్చామని చెప్పారు.

నిజానికి కుటుంబం ఒప్పుకున్నా నాకు మనసొప్పదు. అల్లు రామలింగయ్యకు పాడితే ఆయనే పాడుతున్నాడా అనిపించేలా గొంతు మార్చేవారు బాలు. ఏ మాట దగ్గర నవ్వాలో, ఎక్కడ ఊపిరి వినిపించాలో ఆయన నిర్ణయం. ఇప్పుడు ఎంత చవకబారు మాటనైనా ఆ నోట పలికించవచ్చు. వద్దనడానికి ఆయన లేరు.

చట్టం చూద్దామా అంటే, 1957 నాటి కాపీరైట్ చట్టం రికార్డయిన పాటను కాపాడుతుంది. 2012 సవరణతో గాయకులకు రాయల్టీ హక్కు వచ్చింది. కానీ యంత్రం పుట్టించిన పాటను ఆయన అసలు పాడనే లేదు కదా అని తప్పించుకోవచ్చు. ఆ యంత్రం నేర్చుకున్నది మాత్రం ఆయన పాడిన పాటల నుంచే! తన గొంతుకు ఏఐ నకళ్లు చేయకుండా అరిజిత్ సింగ్ 2024లో బొంబాయి హైకోర్టుకు వెళ్లి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. కోరస్ పాడేవాళ్లు, డబ్బింగ్ చెప్పేవాళ్లు ఏ కోర్టుకు వెళ్లగలరు?

ప్రభుత్వాల తీరూ ఇలాగే ఉంది. మా నెల్లూరు సంగీత, నృత్య పాఠశాలకు బాలు గారి పేరు పెట్టారు, సంతోషం. ఆ గొంతును కాపాడే చట్టం గురించి ఒక్క నాయకుడూ నోరు విప్పడు. పండగ వస్తే అధికారిక ఫ్లెక్సీల మీద కూడా ఏఐ బొమ్మలే. వాటి మీద తెలుగు అక్షరాలు కూడా సరిగా ఉండవు. ఒక కార్యాలయంలో అడిగితే ‘ఏజెన్సీ వాళ్లు చేశారండీ’ అన్నారు. కుంచె పట్టి బతికేవాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు. వాళ్లకు ఆ పని ఎందుకివ్వరు?

ఏ కళాకారుడి గొంతు వాడినా ఆయన నుంచి గానీ వారసుల నుంచి గానీ రాతపూర్వక అనుమతి, తగిన పారితోషికం, టైటిల్స్‌లో ‘ఇది ఏఐ గొంతు’ అన్న ప్రకటన ఉండి తీరాలని ఫిలిం ఛాంబర్ వెంటనే నిబంధన పెట్టాలి. దీనికి పార్లమెంటు దాకా వెళ్లనక్కర్లేదు, ఒక్క సమావేశంలో తేలే పని. ఇంకో కుటుంబం నోటీసు పంపేదాకా ఆగుతారా?

– విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు