రోడ్డు మీద టేబులే లేని రోజున మమ్మల్ని "రాలేదు" అని రాసుకున్న కంపెనీ వారికి

కస్టమర్ కేర్ వారికి, వారి పైవారికి, ఆ పైన ఇంకా మనిషన్నవాడు ఎవరైనా ఉంటే వారికి,

మొన్న మీ దగ్గర్నుంచి, అదే, హోటళ్ళలో టేబుళ్ళు బుక్ చేసే, పార్సిళ్ళు తెప్పించే మీ యాప్ నుంచి మెయిల్ వచ్చింది. "మిమ్మల్ని చాలా మిస్ అవుతున్నాం! న్యూయార్క్‌లో హోటల్ లోపల కూర్చుని తినే రోజులు మళ్ళీ వచ్చాయి, ఇప్పుడే టేబుల్ బుక్ చేసుకోండి" అని. కరోనా వల్ల ఆపేశాక, 2021 ఫిబ్రవరి 12 నుంచి నాలుగో వంతు సీట్లతో మళ్ళీ లోపల కూర్చోనిస్తున్నారని నాకూ తెలుసు, సంతోషం. కానీ డిసెంబరు నుంచి నేను రాస్తున్న మెయిళ్ళకి ఒక్క సరైన జవాబు ఇవ్వడానికి తీరిక లేని కంపెనీకి, నన్ను మిస్ అవడానికి మాత్రం తీరిక ఎక్కడ దొరికిందో అర్థం కాలేదు. అదే మెయిల్ అడుగున చిన్న అక్షరాల్లో నా ఖాతా మీద ఒక "నో-షో", అంటే బుక్ చేసి రాలేదన్న ముద్ర, ఉందనీ, మళ్ళీ జరిగితే బుకింగులు ఆపేస్తామనీ హెచ్చరిక. పిలిచేదీ మీరే, గుమ్మంలో ఆపేదీ మీరే.

తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఇంగ్లీషులో రాసిన ప్రతిదాన్నీ మీ బాట్ మింగేసి, నేను ఫోన్ పక్కన పెట్టేలోపే "మీ సంతృప్తే మాకు ముఖ్యం" అని పంపిస్తోంది. మీ యాప్‌లోనే "మీ భాషలో మాతో మాట్లాడండి" అని ఉంది కదా, మాట్లాడుతున్నాను. దీన్ని చదవడానికి మీరు ఎవరో ఒక మనిషిని వెతుక్కోవాలి. నాకు కావలసిందీ అదే. నలుగురూ చూసేలా బయట కూడా పెడుతున్నాను, ముందే చెబుతున్నాను.

విషయం మీ రికార్డుల్లో ఉంటుంది గానీ మీరు చూడరు కాబట్టి మళ్ళీ చెబుతాను. మాది న్యూయార్క్ నగరంలో క్వీన్స్ వైపు జాక్సన్ హైట్స్. 2020 ఫిబ్రవరిలో మా అమ్మానాన్న తెనాలి నుంచి మా దగ్గరికి వచ్చారు, మార్చిలో కరోనా వల్ల ఇండియా విమానాలు ఆపేసింది, ఇక్కడే ఇరుక్కుపోయారు. ఆ ఏప్రిల్‌లో ఎల్మ్‌హర్స్ట్ ఆసుపత్రి వైపు రాత్రీ పగలూ అంబులెన్సులు వెళ్తుంటే కిటికీ వేసుకుని కూర్చున్న వాళ్ళం మేము. జూన్ 22న నగరంలో హోటళ్ళ వాళ్ళు పేవ్‌మెంట్ల మీదా, కార్లు ఆపుకునే చోటా టేబుళ్ళు వేసుకోవచ్చని అనుమతి వచ్చాక గానీ మా వీధికి మళ్ళీ ప్రాణం రాలేదు. 37వ అవెన్యూ మీద చెక్క పలకలతో షెడ్లు లేచాయి, వాటి చుట్టూ మట్టి నింపిన తొట్లు, తొట్లలో ప్లాస్టిక్ పూలు, ఒక్కో షెడ్డుకి ఒక్కో రంగు. రూజ్‌వెల్ట్ అవెన్యూ మీదైతే నెత్తిన 7వ నంబరు రైలు దడదడలాడుతుంటే కింద జనం హాయిగా తింటున్నారు. మా నాన్నకి ఇదంతా వింత. "తెనాలి బస్టాండు దగ్గర బండి మీద పునుగులు తింటే రోడ్డు మీద తిండేంటని మీ అమ్మ తిట్టేది, ఇక్కడ పాతిక డాలర్లిచ్చి అదే రోడ్డు మీద కూర్చుంటారా" అని ఒకటే నవ్వు. కానీ అటుగా నడకకి వెళ్ళిన ప్రతిసారీ నిలబడి చూసేవాడు. వయసు వల్లా, షుగర్ వల్లా ఆయన్ని జనంలో కూర్చోబెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు, అన్నీ పార్సిళ్ళే. ఆ పార్సిళ్ళు కూడా మీ యాప్ నుంచే, అది గుర్తుపెట్టుకోండి.

డిసెంబరులో వాళ్ళ ప్రయాణం ఖాయమైంది. వెళ్ళే ముందు ఒక్కసారైనా ఆ షెడ్డులో కూర్చోబెట్టి భోజనం పెట్టిద్దామని డిసెంబరు 16కి, బుధవారం సాయంత్రానికి, ఐదుగురికి టేబుల్ బుక్ చేశాను. నేపాలీ వాళ్ళ హోటలు, అమ్మకి శాకాహారం దొరుకుతుంది, నాన్నకి అక్కడి మోమోలంటే ఇష్టం. రాకపోతే మనిషికి 25 డాలర్లు కట్ అవుతాయని మీరు కార్డు నంబరు తీసుకున్నారు. సరే, ఇచ్చాను.

ఇక అక్కడి నుంచి మీ కథ. డిసెంబరు 14 నుంచి హోటళ్ళ లోపల కూర్చోవడం మళ్ళీ బంద్. 16న పెద్ద మంచు తుఫాను వస్తోందని నగరం వాళ్ళు మధ్యాహ్నం రెండు నుంచి రోడ్డు మీది టేబుళ్ళు కూడా ఆపెయ్యమన్నారు, మంచు తోసే బళ్ళు తిరగాలి కాబట్టి. పేవ్‌మెంట్ మీద మనుషులు నడవడానికి 8 అడుగులు వదలాలి, ఆ హోటల్ ముందు అంత వెడల్పే లేదు. అంటే లోపల లేదు, రోడ్డు మీద లేదు, పేవ్‌మెంట్ మీద లేదు. ఓనరు పాపం తనే ఫోన్ చేసి చెప్పాడు, మీకూ తన వైపు నుంచి చెప్పానన్నాడు. ఆ రాత్రి సెంట్రల్ పార్కులో 10 అంగుళాల పైన మంచు పడింది, అంతకుముందు శీతాకాలం మొత్తం పడినదానికంటే ఎక్కువ. మేము ఇంట్లో పప్పుచారు తాగి పడుకున్నాం.

పొద్దున్నే లేచేసరికి మీ మెసేజి. "మీరు నిన్న మీ బుకింగుకు హాజరు కాలేదు. 125 డాలర్లు వసూలు చేయబడ్డాయి. మీరు రాకపోవడం వల్ల ఒక స్థానిక వ్యాపారానికి నష్టం కలుగుతుంది." ఆ స్థానిక వ్యాపారం ఓనరే నాకు ఫోన్ చేసి రావద్దన్నాడయ్యా!

సరే, మిషన్ కదా, పొరపాటు పడి ఉంటుంది, మనిషికి చెబితే సరిచేస్తారనుకున్నాను. మీ చాట్‌లో మొదట పలికింది ఒక నవ్వు మొహం. "నేను మీకు ఎలా సాయపడగలను?" నేను వివరంగా రాశాను. "మీరు బుకింగ్ రద్దు చేయాలనుకుంటున్నారా?" లేదు, అది నిన్నటిది. "సరే! కొత్త బుకింగ్ చేద్దామా?" దానితో ఎంతసేపు గడిపానో ఆ దేవుడికి తెలియాలి. చివరికి ఏజెంటుని పట్టుకుంటే ఆవిడ చల్లగా అడిగింది, బయట సీటు లేకపోతే లోపల ఇమ్మని హోటల్ వాళ్ళని అడగలేకపోయారా అని. అమ్మా, లోపల కూర్చోవడం ఈ నగరంలో నిషేధం, మూడు రోజుల కిందటే గవర్నరు మూయించాడు. "ఆ సమాచారం మా సిస్టంలో లేదండీ." న్యూయార్క్ హోటళ్ళ మీద వ్యాపారం చేసే కంపెనీ సిస్టంలో న్యూయార్క్ హోటళ్ళు మూసి ఉన్న సంగతి లేదు!

ఆ తర్వాతి పెద్దమనిషి వాతావరణం మా చేతుల్లో లేదన్నాడు. నేను మంచు పడినందుకు మిమ్మల్ని తప్పు పట్టలేదు మహాప్రభో, నగరమే మూయించిన టేబుల్‌కి నేను రాలేదని డబ్బు తీసుకున్నందుకు అడుగుతున్నానన్నాను. అయితే మంచు పడినట్టు ఆధారం పంపమన్నాడు. దేశమంతా టీవీల్లో చూసిన మంచుకి ఆధారం. పంపాను, మా వీధి ఫొటో, కార్లు తెల్ల దిబ్బల్లా ఉన్నాయి. ఫొటోలో హోటల్ బోర్డు కనబడలేదని తిప్పి పంపారు. బూట్లు వేసుకుని వెళ్ళి, బోర్డు కనబడేలా, మంచు కప్పిన షెడ్డుతో సహా మళ్ళీ తీసి పంపాను. ఓనరు చేత ఉత్తరం కూడా రాయించాను, అతను పనిమానుకుని రాసిచ్చాడు. హోటల్ వాళ్ళ ఉత్తరం కస్టమర్ పంపితే చెల్లదట, వాళ్ళ పోర్టల్ నుంచి వాళ్ళే పంపాలట. అతను పంపాడు. అది వేరే డిపార్ట్‌మెంటుకి వెళ్ళిందట. ఆ డిపార్ట్‌మెంటుకి ఫోన్ ఉండదట.

ఇంతలో నా ఫిర్యాదు "పరిష్కరించబడింది" అని మెయిల్. సంబరపడి తెరిచాను. ఏమీ పరిష్కారం కాలేదు, ఎవరో దాన్ని మూసేశారు అంతే. కిందే ఒక సర్వే, మా సేవకి ఎన్ని చుక్కలు ఇస్తారని. సున్నా ఇవ్వడానికి మీ సర్వే ఒప్పుకోదు, కనీసం ఒకటి నొక్కాలి. ఆ ఒక్కటీ నేను ఇచ్చినట్టు లెక్కేసుకోకండి.

అమ్మానాన్న వెళ్ళే ముందు రోజు మళ్ళీ ఫోన్ చేశాను. చాలాసేపు పాట వినిపించాక ఒక కుర్రాడు ఎత్తాడు, ఇంగ్లీషులోనే మాట్లాడాడు. వెనకనుంచి మా అమ్మ "పోనీలేరా, ఆ డబ్బు పోతే పోయింది, వాడితో నీకెందుకు గొడవ, సూట్‌కేసు తూకం చూడు" అంటోంది. అతను ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి తెలుగులో, "అమ్మగారికి సారీ చెప్పండి సర్, నాకు ఇక్కడ రీఫండ్ బటన్ ఇవ్వలేదు" అన్నాడు. మీ కంపెనీ మొత్తంలో నాకు సారీ చెప్పింది ఆ అబ్బాయి ఒక్కడే, అదీ దొంగచాటుగా. ఈ ఉత్తరం చూసి అతన్ని వెతికి మెమో ఇస్తే మాత్రం బాగుండదు, అలా అయితే ఇంకో ఉత్తరం రాస్తాను. అతను సూపర్‌వైజరుకి కలిపాడు. ఆ సూపర్‌వైజరు గారు 48 గంటల్లో ఫోన్ చేస్తామన్నారు. మీ కంపెనీలో 48 గంటలంటే ఎన్ని నెలలో ఒకసారి చెబితే క్యాలెండరు మార్చుకుంటాను.

నేను మీకు నిన్న మొన్న వచ్చిన కస్టమర్ని కాను. మార్చిలో హోటళ్ళన్నీ మూతబడి పార్సిల్ ఒక్కటే మిగిలినప్పుడు, మా వీధి హోటళ్ళు బతకాలని వారం వారం మీ యాప్‌లోనే ఆర్డరు పెట్టాను. నేరుగా ఫోన్ చేసి తెచ్చుకోవచ్చు కదా అని మా ఆవిడ అన్నా, ఇందులో ఈజీ అని మీ వైపు మాట్లాడాను. హోటళ్ళ దగ్గర మీలాంటివాళ్ళు గుంజే కమీషన్లకి నగర కౌన్సిల్ డెలివరీకి 15 శాతం, మిగతావాటికి 5 శాతం అని హద్దు పెట్టాల్సి వచ్చిందని చదివాక కూడా మానలేదు, సిగ్గుపడాలి నిజానికి. మా ఆఫీసులో, మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎంతమందికి మీ యాప్ అంటగట్టానో, ఆ రిఫరల్ కూపన్ల లెక్క మీ సిస్టంలో భద్రంగా ఉంటుంది, అది మాత్రం పోదు.

డబ్బు వెనక్కి ఇవ్వండి, ఇవ్వకపోతే మీ ఇష్టం, కానీ ముందు నా పేరు పక్కనున్న ఆ "నో-షో" తీసెయ్యండి. మేము రాకపోవడమేంటి? మా నాన్న ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మంచు తగ్గుతుందేమోనని కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఆయన్ని పట్టుకుని రాలేదంటారా? ఆ మాటకి మీ కంపెనీలో పేరున్న మనిషి, పేరు పెట్టి, సంతకం పెట్టి క్షమాపణ రాయాలి. నాకు కాదు, తెనాలికి పంపండి, అడ్రసు అడిగితే ఇస్తాను.

లేదంటారా, ఇక నేనూ మీలాగే ప్రాసెస్ ఫాలో అవుతాను. కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేస్తాను. నగరం ఫిర్యాదుల ఫోన్ నంబరు 311కి, నగరం వినియోగదారుల శాఖకి, రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసుకి ఫిర్యాదు పెడతాను, ఓనరు ఉత్తరం, మీరు వద్దన్న ఆ మంచు ఫొటోలు అన్నీ జతచేసి. 74వ వీధి నుంచి జంక్షన్ బౌలెవార్డ్ దాకా నాకు తెలిసిన ప్రతి హోటల్ ఓనరుకీ మీ యాప్ తీసేసి ఒక నోటుబుక్కూ పెన్నూ పెట్టుకోమని నేనే వెళ్ళి చెబుతాను. వాట్సాప్ గ్రూపులో ఈపాటికే చెప్పాను, ఇద్దరు ముగ్గురు తమ కథలు కూడా పెట్టారు, అవీ ఇలాంటివే. మీరు నన్ను నిజంగా మిస్ అవ్వాల్సిన రోజు ఇక దగ్గర్లోనే ఉంది.

నా ఫిర్యాదు నంబరు మీ మెయిళ్ళలో ఉంది, మూసేసిన వాటిలో వెతకండి. ఫోన్ చేసేట్టయితే సాయంత్రం ఆరు దాటాక చెయ్యండి, బాట్ చేత చేయించకండి, ఎత్తగానే హోల్డ్‌లో పెడితే నేనూ మిమ్మల్ని "రాలేదు" అనే రాసుకుంటాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్
జాక్సన్ హైట్స్, క్వీన్స్
2021 ఫిబ్రవరి