మానోమెట్రీ గదిలోని తమ్ముడికి

రెండేళ్లుగా నాన్నకు ముద్ద దిగలేదు. ముద్ద ముద్దకూ గుక్కెడు నీళ్లు. రాత్రి పడుకున్నాక తిన్నది తిన్నట్టే దిండు మీదికి వచ్చేది. చూసినవాళ్లంతా గ్యాస్ అన్నారు, మాత్రలు మార్చారు. ఎండోస్కోపీలో పుండూ లేదు, గడ్డా లేదు. మనిషి మాత్రం 11 కిలోలు తగ్గిపోయారు.

చివరికి కాకినాడలో ఒక డాక్టరమ్మ, "పైకి వచ్చే అన్నం పుల్లగా ఉంటుందా?" అని అడిగారు. ఉండదన్నారు నాన్న. అయితే అది కడుపులోకే చేరడం లేదేమోనని మమ్మల్ని హైదరాబాదు పంపారు. అమ్మా, ఆ ఒక్క ప్రశ్నకు మీకు చేతులెత్తి మొక్కుతున్నాను.

అక్కడ చేసింది మానోమెట్రీ, అంటే మింగేటప్పుడు అన్నవాహికలో ఒత్తిడిని కొలిచే పరీక్ష. ముక్కులోంచి కడుపు దాకా సన్నటి గొట్టం, దాని పొడవునా 36 సెన్సార్లు. మెలకువలో మింగితేనే అన్నవాహిక కదలిక సరిగ్గా తెలుస్తుంది కాబట్టి మత్తు ఇవ్వరు. గొట్టం గొంతు దగ్గరికి రాగానే నాన్నకు వాంతి వచ్చినంత పనైంది, నా మణికట్టు పట్టేసుకున్నారు. ఆ పరీక్ష చేసిన తమ్ముడూ, మీరు విసుక్కోలేదు. గొట్టం బయటికి తీసి, ఆయన ఊపిరి కుదుటపడేదాకా పక్కనే కూర్చున్నారు. "బాబాయ్ గారూ, గడ్డం ఛాతీకి ఆనించండి, నీళ్లు చప్పరిస్తూ ఉండండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు. రెండోసారికి దిగిపోయింది. ఆ తర్వాత సిరంజితో 5 మిల్లీలీటర్ల చొప్పున పదిసార్లు నీళ్లు పట్టారు. మధ్యలో ఉమ్మి కూడా మింగకూడదు. ప్రతిసారీ "ఇంకా ఆరే, ఇంకా అయిదే" అని లెక్కపెట్టిన మీ గొంతు నాన్నకు ఇప్పటికీ గుర్తుంది.

మింగినప్పుడు తెర మీద ఒత్తిడిని చూపే రంగు పట్టీ ఏటవాలుగా కిందికి జారాలట. నాన్నకు అది నిట్టనిలువుగా లేచింది. అడుగున కవాటం ఒక్కసారి కూడా సరిగా సడలలేదు. రెండో రకం అకలేషియా, అంటే ఆ కవాటం సడలక తిన్నది కడుపులోకి దిగని జబ్బు అని పెద్ద డాక్టరు గారు ఆ బొమ్మ చూపించి మరీ చెప్పారు. పేరు తెలిశాక నాన్న ముఖం తేటపడింది. ఇన్నాళ్లూ అందరూ భ్రమ అనుకుంటున్నారని ఆయన లోలోపల కుమిలిపోయారని అప్పుడే నాకు అర్థమైంది.

జపాన్‌లో డాక్టర్ ఇనోవే 2008లో తొలిసారి మనిషికి చేసిన పోయెమ్ పద్ధతిలో, నోటి ద్వారానే ఎండోస్కోపు పంపి ఆ కవాటం దగ్గరి కండరాన్ని కోసి వదులు చేశారు. నిన్న నాన్న పప్పన్నం నీళ్లు తాగకుండా తిన్నారు. అమ్మ వడ్డన ఆపి అలాగే చూస్తూ నిలబడిపోయింది.

ఈ చికిత్స తర్వాత కొందరికి ఆమ్లం పైకి తన్నుతుందట. అది చూడటానికి వచ్చే నెల 24 గంటల పీహెచ్ పరీక్షకు మళ్లీ వస్తున్నాం. మీకోసం ఆత్రేయపురం పూతరేకులు తేవాలని నాన్న ఇప్పటికే రెండుసార్లు గుర్తుచేశారు.