లా విద్యార్థులకు పాఠం వీడియోలో, పని తరగతిలో

సంపాదకులకు,

2024 జులై 1న భారతీయ న్యాయ సంహితతో సహా మూడు కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చాయి. సెక్షన్లు చదివి వినిపించడానికే తరగతి గంట సరిపోతే ఇక పని నేర్పేదెప్పుడు? ఆ పాఠాలను తెలుగులో రికార్డు చేసి ముందే ఇవ్వాలి. తరగతిని సాధనకు వదలాలి. వరంగల్ ప్రాంత లా కళాశాలలన్నిటికీ నా విన్నపమిదే.

మా ఆఫీసుకు జూనియర్లుగా వచ్చే పిల్లలు తెలివైనవాళ్లు. కానీ పరకాల నుంచి రైతు వచ్చి "సారూ, పక్కోడు గెట్టు జరిపిండు" అంటే వెంటనే సెక్షన్ వెతుకుతారు. పహాణీ (భూమి సాగు రికార్డు) ఏది, కబ్జాలో ఎవరున్నారు, గెట్టు ఎప్పుడు జరిపారు అని అడగాలని తోచదు. పక్కవాణ్ని భూమిలోకి రాకుండా ఆపమని కోర్టును కోరే ఇంజంక్షన్ దావాలో, భూమి వివరాలుండే షెడ్యూలులో నాలుగు హద్దులు రాయమంటే కలం ఆగిపోతుంది. ఇది వాళ్ల తప్పు కాదు, ఎవరూ రాయించలేదు.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల్లో డ్రాఫ్టింగ్ (దావాలు, పత్రాలు రాయడం), మూట్ కోర్టు (నమూనా కోర్టులో వాదించడం) తప్పనిసరి. మూడేళ్ల కోర్సుకు 12 వారాలు, అయిదేళ్ల కోర్సుకు 20 వారాల ఇంటర్న్‌షిప్ కూడా ఉంది. వీటిని రికార్డు పుస్తకంలో సంతకాలతో సరిపెట్టకూడదు. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాల వాదనలు 2022 నుంచి ప్రత్యక్ష ప్రసారమవుతున్నాయి. ఇంటి దగ్గర వాటిని చూసి, మర్నాడు తరగతిలో అదే వాదన నిలబడి వినిపించాలి.

ఏటూరునాగారం వైపు పల్లెల పిల్లలకు సిగ్నల్ సమస్య. అందుకని పాఠాలు డౌన్‌లోడ్ చేసుకునేలా ఉండాలి, లైబ్రరీ కంప్యూటర్లు సాయంత్రం కూడా తెరిచి ఉంచాలి. వీడియోల సాకుతో అధ్యాపక పోస్టులు మాత్రం తగ్గించవద్దు. రాసిన దావా దిద్దడానికి మనిషే కావాలి.

— ఒక న్యాయవాది, హనుమకొండ